లామినేట్ నేల మీద ఆఫీసు కుర్చీ: మ్యాట్ కన్నా చక్రాలే నయమనిపించిన ఏడాదిన్నర

ఏడాదిన్నర కాలంలో మా ఇంట్లో ఒకే గదిలో, ఒకే కుర్చీ కింద, నేలను కాపాడేందుకు నాలుగు రకాల రక్షణలను ఒకదాని తరువాత ఒకటి వాడి చూశాను. మూడింటికి డబ్బు పెట్టాను. నాలుగోది ఇంట్లోనే ఉన్న పాత జంపఖానా. ఇప్పుడు ఆ కుర్చీకి మిగిలినవి పాలీయురిథేన్ అనే రబ్బరులాంటి ప్లాస్టిక్ తొడుగున్న ఐదు మెత్తటి చక్రాలు మాత్రమే. 4,200 రూపాయలు పెట్టి కొన్న పాలీకార్బొనేట్ మ్యాట్ వారం కిందటి వరకు మంచం వెనక గోడకు ఆనించి ఉండేది. ఈ సమీక్ష ముఖ్యంగా 1,450 రూపాయల ఆ చక్రాల గురించే అయినా, దానికి మూడింతలు ఖరీదు చేసే మ్యాట్ గోడకు ఎందుకు చేరిందో చెప్పకపోతే సగం విషయమే చెప్పినట్లవుతుంది.

కొండాపూర్‌లోని మా ఫ్లాట్‌లో హాలుకూ వంటగదికీ విట్రిఫైడ్ టైల్సే ఉన్నాయి. చిన్న పడకగదిని పనిగదిగా మార్చుకున్నప్పుడు మాత్రం, చలికాలంలో కాళ్లకు చల్లగా తగలదనీ, ఉన్న టైల్స్ పగలగొట్టకుండా వాటి మీదే వేసేయవచ్చనీ విని, 8 మి.మీ. మందం, ఏసీ3 (అరుగుదలను తట్టుకునే స్థాయిని చెప్పే అంకె) తరగతి, చెక్కలా కనిపించే లామినేట్ పలకలు వేయించాను. తాండూరు బండల మీద నడక నేర్చి, ఆ తరువాత మొజాయిక్ మీదా టైల్స్ మీదా కాపురం చేసినవాళ్లకు, నేలను కుర్చీ నుంచి కాపాడుకోవలసి వస్తుందన్న ఆలోచనే తట్టదు, నాకూ తట్టలేదు. అమెరికా ఖాతాదారుల లెక్కలు చూసే ఉద్యోగం కావడంతో రాత్రిపూట ఎనిమిది తొమ్మిది గంటలు ఆ కుర్చీలోనే గడుస్తాయి. ఏడెనిమిది నెలలు తిరిగేసరికి బల్ల ముందు నేల మెరుపు తగ్గి, నెలవంక ఆకారంలో తెల్లబారింది. రెండు పలకలు కలిసేచోట అంచులు కాలి వేలికి తగిలేంతగా పైకి లేచాయి.

మొదట నేను చేసిన పని వడ్రంగిని పిలిపించడం. అమ్మినవారు "వుడెన్ ఫ్లోరింగ్" అన్నారు కనుక, పైపైన చిత్రిక పట్టినట్టు గీకించి మళ్లీ పాలిష్ పెట్టిస్తే సరిపోతుందనుకున్నాను. అతను వంగి ఒకసారి గోటితో గీరి చూసి, "దీన్ని గీకితే బొమ్మ పోతది సార్" అన్నాడు. లామినేట్ గురించి అంత క్లుప్తంగా, అంత సరిగ్గా చెప్పిన మాట నాకు మరెక్కడా దొరకలేదు.

నిజంగానే అది బొమ్మ. 1977లో స్వీడన్‌లోని పెర్‌స్టార్ప్ కంపెనీ రూపొందించిన ఈ రకం నేలను, మన వంటింటి అలమరలకు అతికించే సన్‌మైకాకు తోబుట్టువు అనుకోవచ్చు. అడుగున పలక వంగిపోకుండా ఉంచే ఒక పొర, దాని మీద హెచ్‌డీఎఫ్ అనే గట్టిగా అదిమిన చెక్కనార దిమ్మ, దాని మీద టేకు లేదా ఓక్ చెక్క గీతలు అచ్చువేసిన కాగితం, అన్నిటికీ పైన మెలమైన్ జిగురులో అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు కలిపిన పారదర్శకమైన పొర. ఆ పై పొర ఎంత గట్టిదైనా చాలా పలుచనిది. అది అరిగితే కింద ఉన్నది కాగితమే. అసలు టేకు చెక్క నేలనైతే గీకించి మళ్లీ కొత్తగా చేయించుకోవచ్చు గాని, దీనికి ఆ అవకాశం లేదు. పాడైన పలకను మార్చడమే దారి. పెట్టెల మీద ఏసీ3, ఏసీ4 అని రాసే అంకె కూడా ప్రధానంగా అరుగుదలకు కొలత. ఒకేచోట పదేపదే పడే బరువుకు పలకల కీళ్లు ఎలా నిలుస్తాయన్నది కింది నేల ఎంత సమంగా ఉంది, మధ్యలో వేసిన ఫోమ్ ఎంత మెత్తగా ఉంది అన్నవాటి మీద ఆధారపడుతుంది. మా ఇంట్లో వేసిన ఫోమ్ అమ్మినవారు పలకలతో పాటు ఉచితంగా ఇచ్చినది, నొక్కితే వేలు దిగేంత మెత్తనిది.

కుర్చీ చేసే నష్టం రెండు విధాలని నాకు ఆలస్యంగా అర్థమైంది. పై పొర గీతలు పడి మసకబారడం ఒకటి, పలకల కీళ్లు కదిలి అంచులు లేవడం రెండవది. ఈ రెంటికీ మందు ఒకటి కాదు. మొదటిదానికి అసలు దోషి చక్రం కాదు, చక్రానికి అంటుకున్న ఇసుక. హైదరాబాదు గ్రానైటు రాళ్ల మీద కట్టిన ఊరు. మా వీధిలో ఎప్పుడూ ఏదో ఒక భవనం పునాదికి రాయి పగులుతూనే ఉంటుంది. ఆ దుమ్ములో ఉండే క్వార్ట్‌జ్ రేణువులు 1 నుంచి 10 వరకు ఉండే మోస్ కాఠిన్యపు కొలతలో 7 దగ్గర ఉంటాయి. పై పొరలోని అల్యూమినియం ఆక్సైడ్ 9 దగ్గర ఉన్నా, ఆ రేణువుల మధ్య వాటిని పట్టి ఉంచే మెలమైన్ అంత గట్టిది కాదు. నైలాన్ చక్రం ఆ ఇసుకను తనలోకి దిగనివ్వదు. చక్రానికీ నేలకూ మధ్య పడి నలుగుతూ అది గరుకు కాగితం చేసే పనే చేస్తుంది. నా బరువు 78 కిలోలు, కుర్చీ బరువు 17 కిలోలు. వెరసి 95 కిలోలు ఐదు కాళ్లకు పంచితే సగటున ఒక్కో కాలి మీద 19 కిలోలు. వెనక్కి వాలినప్పుడు వెనక కాళ్ల మీద ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ బరువంతా గట్టి నైలాన్ చక్రం కింద సన్నటి గీతంత మేర మీదనే మోపబడుతుంది.

ఇక్కడ కొనేవారెవరూ పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. ఐరోపా ప్రమాణాల్లో కుర్చీ చక్రాలను రెండు తరగతులుగా విడదీశారు: తివాచీల కోసం గట్టి హెచ్ రకం, టైల్స్, చెక్క, లామినేట్ వంటి గట్టి నేలల కోసం మెత్తటి డబ్ల్యూ రకం. చక్రం అంతా ఒకే రంగులో ఉంటే గట్టిదనీ, నేలకు తగిలే అంచు వేరే రంగులో ఉంటే మెత్తటిదనీ గుర్తు. లామినేట్ నేలల ప్రమాణమైన ఈఎన్ 13329లో కుర్చీ పరీక్ష జరిపేది మెత్తటి డబ్ల్యూ రకం చక్రంతో. అంటే పెట్టె మీద కుర్చీ బొమ్మ చూసి మనం ధైర్యపడే నేల, మనకు కుర్చీతో పాటు వచ్చే నల్లటి నైలాన్ చక్రాలను తట్టుకుంటుందని ఎవరూ మాట ఇవ్వలేదు. తివాచీ పరిచిన ఆఫీసుల కోసం పుట్టిన చక్రాన్ని తెచ్చి, తివాచీ లేని ఇంట్లో తిప్పుతున్నామన్నమాట.

ఇది తెలియక ముందు నేను కొన్న మొదటి వస్తువు 1,100 రూపాయల పారదర్శకమైన పీవీసీ మ్యాట్. దాని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. చుట్టచుట్టి వచ్చింది, నెల రోజుల పాటు మూలలు లేచే ఉన్నాయి, గది అంతా కొత్త చెప్పుల దుకాణం వాసన. కుర్చీ ఎక్కువసేపు ఆగే చోట ఐదు గుంటలు పడ్డాయి. వేసవి వచ్చేసరికి అది మరీ మెత్తబడి, గుంటలో దిగిన చక్రాన్ని కదపడానికి బల్ల పట్టుకుని లాగవలసి వచ్చేది. మూడో నెలలో తీసేశాను.

తరువాత మా అమ్మ సలహా మీద వరంగల్ జంపఖానా పరిచాను. కొత్తవాడ మగ్గాల మీద నేసిన నూలు జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఇంట్లోనిది అంతకు చాలా ముందుది, పెళ్లిళ్లలో బంతి భోజనాలకు పరిచినది. కూర్చోవడానికి దాన్ని మించినది లేదు. కాని చక్రం తిరిగిన ప్రతిసారీ అది ముడతలు పడి, పోగులు చక్రపు ఇరుసుకు చుట్టుకునేవి. ఒకరోజు ఎత్తి చూస్తే నేతలోంచి రాలిన ఇసుక అంతా కింద నేల మీద పలుచగా పేరుకుని ఉంది. అంటే జంపఖానా జల్లెడలా పనిచేసి, ఇసుకను సరిగ్గా నేలకూ బరువుకూ మధ్య చేర్చింది. ముచ్చటైన వస్తువును ఆ విధంగా పాడుచేయడం కూడా నాకు నచ్చలేదు. ఉతికించి మడతపెట్టేశాము.

అప్పుడు కొన్నాను పాలీకార్బొనేట్ మ్యాట్‌ను. సుమారు మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు, 2 మి.మీ. మందం. చుట్టకుండా రెండు అట్టల మధ్య చదునుగా వచ్చింది, వాసన లేదు, వేసిన క్షణం నుంచీ నేలకు అతుక్కున్నట్టు నిలిచింది. హెల్మెట్ ముందు అద్దానికి వాడే జాతి పదార్థం కనుక చక్రం కింద గుంట పడలేదు. నైలాన్ చక్రాలతోనే కుర్చీ హాయిగా తిరిగింది. బరువు కొంత విస్తరించడం వల్ల పలకల కీళ్ల మీద ఒత్తిడి తగ్గిన సంగతి శబ్దంలోనే తెలిసింది. అంతకు ముందు కుర్చీ లేచిన అంచుల మీదుగా వెళ్లినప్పుడల్లా వినిపించే టకటక పోయింది. కొనేవారు గమనించవలసినది ఒకటే: తివాచీల కోసం చేసే మ్యాట్లకు అడుగున చిన్న చిన్న మేకుల్లాంటి మొనలు ఉంటాయి, లామినేట్ కోసం అడుగు నున్నగా ఉన్నదే తీసుకోవాలి. రబ్బరు అడుగున్నవి కూడా వద్దు. నేల రంగు మారే ప్రమాదం ఉందని లామినేట్ తయారీదారుల సూచనల్లోనే తరచు కనిపిస్తుంది. ఇంతవరకు ఐదుకు నాలుగున్నర మార్కులు ఇవ్వదగిన వస్తువు ఇది.

మిగిలిన చిక్కంతా మన ఇళ్లు తుడిచే పద్ధతితో వచ్చింది. పాశ్చాత్య దేశాల ఇళ్లలో వారానికోసారి వాక్యూమ్ పెట్టుకునే గదికి ఈ మ్యాట్ బాగా సరిపోవచ్చు. మన ఇంట్లో రోజూ ఊడ్చి తడిగుడ్డ పెట్టకపోతే ఇల్లు తుడిచినట్టే కాదు. ఫినాయిల్ నీళ్లలో ముంచిన గుడ్డ మ్యాట్ అంచు వరకు వస్తుంది, ఆ నీరు సన్నటి సందులోంచి కిందికి పాకుతుంది, నున్నటి రెండు తలాల మధ్య చిక్కి గంటల తరబడి ఆరదు. మ్యాట్ పారదర్శకం కావడం వల్ల ఆ తడి మచ్చ కనిపిస్తూనే ఉండేది. ఇల్లు తుడవడానికి వచ్చే ఆమె ఒకనాడు, "నీళ్లు కండ్లకు కనబడ్తున్నయ్ గానీ గుడ్డ అందుతలేదు సార్" అని చెప్పేవరకు నేను దాన్ని పట్టించుకోలేదు. మ్యాట్ ఎత్తి చూస్తే, అంతకు ముందు కుర్చీ లేపిన కీళ్లలోకి తడి దిగి, హెచ్‌డీఎఫ్ దిమ్మ ఉబ్బి, రెండు పలకల అంచులు గట్టులా లేచి ఉన్నాయి. ఒకసారి ఉబ్బిన హెచ్‌డీఎఫ్ ఆరినా మునుపటి రూపానికి రాదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇంట్లో రెండు రోజులు నడిచింది.

తప్పు మ్యాట్‌ది కాదని న్యాయంగా ఒప్పుకోవాలి. రోజూ మ్యాట్‌ను ఎత్తి, కింద పొడిగుడ్డతో తుడిచి, తిరిగి వేస్తే అది చక్కగా పనిచేస్తుంది. కాని దాని మీద కుర్చీ, పక్కన బల్ల కాళ్లు, వైర్లు ఉంటాయి. రోజూ చేయని పనిని రోజూ చేయాలని కోరే వస్తువు మా ఇంటికి పనికిరాలేదు. పైగా పాలీకార్బొనేట్ దుమ్మును బాగా ఆకర్షిస్తుంది, నాలుగైదు నెలల్లో దాని మీద కూడా చక్రాల గీతలు పడి మసకబారుతుంది. నేల బదులు మ్యాట్ గీతలు పడటం మంచిదే, దాన్ని కొన్నది అందుకే. అందమైన నేలను చూడాలనే పారదర్శకమైనది కొన్నామన్న వాదన మాత్రం అంతటితో వీగిపోతుంది.

ఇక చక్రాలు. పిల్లల స్కేటింగ్ బూట్లకు ఉండేలాంటి ఒంటి చక్రం, మూడంగుళాల వ్యాసం, ఉక్కు చట్రం, లోపల బాల్ బేరింగులు, నేలకు తగిలే భాగం పాలీయురిథేన్. ఐదింటి జత ఆన్‌లైన్‌లో 1,450 రూపాయలకు కొన్నాను. రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో విడిగా కూడా దొరుకుతాయి గాని, కుర్చీ కాలిలోకి దూరే కడ్డీ కొలత సరిచూసుకుని మరీ కొనాలి. చాలా ఆఫీసు కుర్చీలకు కడ్డీ 11 మి.మీ. వ్యాసం, 22 మి.మీ. పొడవు ఉంటుంది. ఐకియా కుర్చీలకు చాలావరకు 10 మి.మీ. కడ్డీ వాడతారు, వాటికి 11 మి.మీ.ది దూరదు. దారాలు తిప్పి బిగించే రకం కుర్చీలూ ఉన్నాయి. కుర్చీని తలకిందులు చేసి ఒక చక్రం ఊడదీసి, కడ్డీని స్కేలుతో కొలిచి చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

పాత చక్రాలు ఊడదీయడమే అసలు శ్రమ. కడ్డీ చుట్టూ ఉండే స్ప్రింగు ఉంగరం కాలి రంధ్రంలో గట్టిగా పట్టేస్తుంది. నాలుగు చక్రాలు చేత్తో తిప్పుతూ లాగితే వచ్చాయి. అయిదోది మొండికేస్తే రెండు చుక్కల కుట్టుమిషను నూనె వేసి, రాత్రంతా ఉంచి, పొద్దున వెడల్పాటి స్క్రూడ్రైవర్‌తో ఎత్తవలసి వచ్చింది. కొత్తవి దూర్చడానికి పనిముట్టు అక్కరలేదు. టక్కుమనే శబ్దం వినిపించేవరకు అరచేత్తో నొక్కి, కుర్చీ నిలబెట్టి, దాని మీద కూర్చుంటే మిగిలింది అదే దిగుతుంది.

మొదటి రాత్రి గమనించిన తేడా శబ్దంలో. నైలాన్ చక్రాల రొదకు కింది ఫ్లాట్ వారు ఒకటి రెండు సార్లు లిఫ్టులో మర్యాదగా అడిగారు, రాత్రి రెండింటికి ఏం జరుపుతున్నారని. ఈ చక్రాలు వేసిన తరువాత పక్కగదిలో పడుకున్నవారికి కూడా కుర్చీ కదిలిన సంగతి తెలియడం లేదు. గీతల విషయంలో ఫలితం చెప్పడానికి తొందరపడకుండా, తెల్లబారిన నెలవంకకు పక్కనే మెరుపు తగ్గని భాగంలో పెన్సిలుతో చతురస్రం గీసి, కుర్చీని ఎక్కువగా అక్కడే తిరిగేలా బల్ల జరిపాను. పది నెలల తరువాత, కిటికీ వెలుతురు ఏటవాలుగా పడేటప్పుడు మోకాళ్ల మీద వంగి చూస్తే సన్నటి వెంట్రుకవాటు గీతలు మూడు కనిపిస్తున్నాయి. నిలబడి చూస్తే ఏమీ లేవు. మెత్తటి తొడుగు బరువును వెడల్పుగా పరుస్తుంది, ఇసుక రేణువు నేలలోకి కాకుండా చక్రంలోకి దిగుతుంది. అలా దిగిన రేణువు అక్కడే ఉండిపోతే మళ్లీ మొదటికొస్తుంది కనుక, పదిహేను రోజులకోసారి చక్రాలను తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. అదే సమయంలో ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలను చిన్న కత్తెరతో కోసి లాగాలి. కొబ్బరినూనె రాసుకునే ఇంట్లో ఆ వెంట్రుకలు దుమ్ముతో కలిసి జిడ్డు ముద్దగా మారతాయి; ఒంటి చక్రం కావడంతో వాటిని తీయడం పాత జంట చక్రాల కన్నా చాలా తేలిక.

లోపాలు లేకపోలేదు. మూడంగుళాల చక్రం వల్ల కుర్చీ ఎత్తు సుమారు అంగుళం పెరిగింది. నా ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, నాకు ఇబ్బంది రాలేదు. ఐదడుగుల రెండంగుళాల నా భార్య కూర్చుంటే కుర్చీని పూర్తిగా కిందికి దింపినా మడమలు నేలకు ఆనడం లేదు. పొట్టివారు రెండున్నర అంగుళాల చక్రాలు తీసుకోవడం మంచిది, లేదా కాళ్ల కింద పీట వేసుకోవాలి. రెండవది, ఇవి మరీ తేలిగ్గా తిరుగుతాయి. మా గది నేల బాల్కనీ వైపు కొద్దిగా వాలి ఉందని టైల్స్ కాలంలో ఎవరికీ తెలియదు. ఇప్పుడు కుర్చీ లోంచి లేచి మంచినీళ్లకు వెళ్లి వచ్చేసరికి అది తనంతట తాను అడుగు దూరం జరిగి ఉంటుంది. పెద్దవయసు వారు కూర్చునే కుర్చీ అయితే, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వెనక్కి చూడకుండా కూర్చునే అలవాటున్న మా అమ్మను ఈ కుర్చీలో కూర్చోనివ్వడం మానేశాము. తాళం మీట ఉన్న చక్రాలు రెండు కలిపి ఇచ్చే జతలు కూడా దొరుకుతాయి, మళ్లీ కొంటే అవే కొంటాను.

మూడవది లోపం అనడం కన్నా హద్దు అనాలి. చక్రం ఎంత మెత్తనిదైనా దాని మీద ఉన్న 95 కిలోలు ఎక్కడికీ పోవు. ఫోమ్ మెత్తగా ఉండి కింది నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట, కుర్చీ కీలు మీదుగా వెళ్లిన ప్రతిసారీ పలక కొద్దిగా దిగి లేస్తూనే ఉంటుంది. అప్పటికే లేచిన అంచులను ఈ చక్రాలు సరిచేయవు. ఉబ్బిన నా రెండు పలకలనూ మార్పించవలసే వచ్చింది. పలకలు ఒకదానిలో ఒకటి బిగిసి ఉంటాయి కనుక గోడ పక్కనుంచి స్కర్టింగ్ ఊడదీసి ఆరు వరసలు విప్పారు. ఫిట్టింగ్ రోజున మిగిలిన నాలుగు పలకలు అటక మీద దాచి ఉంచడం వల్ల రంగు కలిసింది. కూలి 1,800 రూపాయలు అయింది, అంటే చక్రాల కన్నా ఎక్కువ. పని మధ్యలో ఆ ఆరు వరసల కిందనైనా మెత్తటి ఫోమ్ తీసి గట్టిదాన్ని వేయించాను. మేస్త్రి మొహం చిట్లించినా వేశాడు. తడిగుడ్డ విషయంలో కూడా ఒప్పందం కుదిరింది: ఆ గదికి వేరే మాప్, బాగా పిండి, కుర్చీని బయటికి నెట్టి తుడవడం, వెంటనే ఫ్యాను వేయడం. చక్రాలు ఇంత తేలిగ్గా తిరగడం అక్కడ ఉపయోగపడింది, ఆమె కాలితో ఒక్క తోపు తోస్తే కుర్చీ హాల్లో ఉంటుంది.

కొత్తగా లామినేట్ వేయించుకునేవారు కుర్చీ చక్రాల డబ్బును ఫ్లోరింగ్ ఖర్చులోనే కలిపి లెక్కవేసుకోవడం మంచిది. నా నేలకు మొదటి ఎనిమిది నెలల్లో జరిగిన నష్టం ఆ 1,450 రూపాయలు ఆలస్యంగా పెట్టినందుకే. గదికి తడిగుడ్డ పెట్టనివారు, లేదా రోజూ మ్యాట్ ఎత్తగల ఓపిక ఉన్నవారు, బాగా బరువైనవారు ఈ చక్రాలతో పాటు నున్నటి అడుగున్న పాలీకార్బొనేట్ మ్యాట్ కూడా వాడితే కీళ్లకు మేలు. పీవీసీ మ్యాట్ ఏ ధరకూ వద్దు. చక్రాలకు నా మార్కులు ఐదుకు నాలుగు. తగ్గించిన ఒక్క మార్కు కుర్చీ తనంతట తాను బాల్కనీ వైపు వెళ్లిపోతున్నందుకు. మంచం వెనక ఉన్న మ్యాట్‌ను మాత్రం మా అమ్మాయి వారం కిందట హాల్లోకి తీసుకెళ్లి, టైల్స్ మీద పరిచి, బొమ్మలకు రంగులు వేసుకుంటోంది.